క్రోనీకి మన కాన్ఫిగ్ ఫైల్

యోక్టో (బోర్డులకు లినక్స్ తయారుచేసే సాధనాల సమితి) బిల్డ్‌లో క్రోనీకి (గడియారాన్ని టైమ్ సర్వర్లతో సరిచేసే ప్రోగ్రామ్) మా సొంత టైమ్ సర్వర్ల కాన్ఫిగ్ పెట్టాను ఇవాళ. అసలు రెసిపీని, అంటే ప్యాకేజీని ఎలా కట్టాలో చెప్పే ఫైల్‌ని, ముట్టుకోలేదు. అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ మార్పులు మళ్లీ కలుపుకుంటూ కూర్చోవడం ఎవరి తరం? మన లేయర్‌లో (మన రెసిపీలు ఉండే ఫోల్డర్) ఒక బీబీఅపెండ్ (అసలు రెసిపీకి అదనపు లైన్లు కలిపే ఫైల్), పక్కనే ఫైల్స్ ఫోల్డర్‌లో అదే పేరుతో క్రోనీ డాట్ కాన్ఫ్, అంతే. ఫైల్స్‌ఎక్స్‌ట్రాపాత్స్‌కి (ఫైళ్లు వెతికే దారుల జాబితా) ఆ ఫోల్డర్‌ని ప్రీపెండ్ చేస్తే, అంటే మొదట్లో చేరిస్తే, బిల్డ్ నడిపే బిట్‌బేక్ ముందు మన ఫైల్‌నే తీసుకుంటుంది. అక్కడ ఉత్త '=' చాలదు, ':=' ఉండాలి. లేకపోతే దిస్‌డిర్ (ఆ బీబీఅపెండ్ ఉన్న ఫోల్డర్) విలువ ఆ లైన్ దగ్గరే తేలదు, దారి తప్పుతుంది. 2021లో వచ్చిన యోక్టో 3.4 నుంచి ప్రీపెండ్ ముందు అండర్‌స్కోర్ బదులు కోలన్ రాయాలి, పాత ట్యుటోరియల్స్ చూసేవాళ్లు గమనించండి.

బోర్డు బూట్ అయ్యాక క్రోనీసీ సోర్సెస్ కమాండ్ కొడితే మా సర్వర్ పక్కన నక్షత్రం గుర్తు, అంటే క్రోనీ దాన్నే ఎంచుకుంది! ఎంత సంతోషమేసిందో.