అలిపిరి మెట్ల మీద ఒక్కదాన్నే

అమ్మకి అల్జీమర్స్ అని తేలినప్పటి నుంచీ నేను ఏ గుడికెళ్ళినా అమ్మని తీసుకుని వెళ్ళడమో, అమ్మ కోసం మొక్కుకోడమో తప్ప ఇంకోటి లేదు. ఈసారి తమ్ముడు వచ్చి నేనుంటానన్నాడు, ఒక్కదాన్నే తిరుపతి వెళ్ళి తెల్లవారుజామున పాదాల మండపం దగ్గర కొబ్బరికాయ కొట్టి నడక మొదలుపెట్టాను.

అలిపిరి నుంచి దాదాపు 3,550 మెట్లు, 9 కిలోమీటర్లు. మొదట్లో మెట్లకన్నా ఫోనే ఎక్కువ చూశాను. మాత్రలు వేశాడా, అమ్మ బాత్‌రూమ్‌లోకెళ్ళి గడియ పెట్టేసుకుందా అని ఒకటే టెన్షన్. నా ముందు ఒకావిడ ప్రతి మెట్టుకీ పసుపు రాసి కుంకుమ పెడుతూ ఎక్కుతోంది, ఆవిడకి అడ్డం రాకుండా పక్కకి జరగబోతూ చూసుకున్నాను, నా ఎడమచెయ్యి వెనక్కి చాచి ఉంది. అమ్మ పట్టుకోడానికి. పైగా మెట్టుమెట్టుకీ రెండు కాళ్ళూ ఆనించి, ఆగి, అప్పుడు ఇంకో మెట్టు. అది అమ్మ నడక. కాలేజీ రోజుల్లో ఆగవే అని వెనక నుంచి అరిచేవాళ్ళు నన్ను.

గాలిగోపురం దాటాక దారి కాస్త చదునుగా ఉంటుంది, అక్కడ చేతులు ఊపుకుంటూ నడిచాను, ఎంత హాయిగా ఉందో.

పొద్దుగూకితే అమ్మకి కంగారు ఎక్కువవుతుంది. నన్ను వదినా అని పిలిచి మా ఇంటికి పంపించెయ్యమంటుంది, ఉన్నది సొంతింట్లోనే. మా మేనత్త పోయి చాలా ఏళ్ళయింది, కాదని వాదిస్తే అమ్మ ఏడుస్తుంది కాబట్టి మేనత్తలాగే జవాబు చెప్తాను. తర్వాత నా గదిలోకి వచ్చినా ఆ గొంతు వెంటనే పోదు. దేశంలో అరవై దాటినవాళ్ళలో 88 లక్షల మందికి డిమెన్షియా, అంటే అమ్మకున్నలాంటి మతిమరుపు జబ్బు, ఉంటుందని 2023లో వచ్చిన ఒక అంచనా. ఆ ఇళ్ళల్లో ఎంతమంది కూతుళ్ళు, కోడళ్ళు, భార్యలు ఇలా ఇంకొకరిగా బతుకుతున్నారో. పుణ్యం చేసుకుంటున్నావమ్మా అంటారు చూసినవాళ్ళు. మంచిమాటే, కానీ రాత్రి నిద్రపోయావా అని అడిగినవాళ్ళు తక్కువ.

మోకాళ్ళ మెట్టు దగ్గర కొందరు మోకాళ్ళ మీద ఎక్కుతుంటే దండం పెట్టుకుని మామూలుగానే ఎక్కాను. స్వామి ఎదుట నిలబడ్డ ఆ కాసేపట్లో మొదటిసారి నా కోసం అడిగాను, నిద్ర, ఓపిక.

అన్నప్రసాదం తిని బయటికొచ్చి తమ్ముడికి ఫోన్ చేశాను. మూణ్ణెల్లకోసారి వచ్చి రెండ్రోజులు ఉండాలిరా, అప్పుడు నేను ఇంట్లో ఉండను అని చెప్పాను. సరే అన్నాడు, అమ్మకి పెరుగన్నంలో ఉప్పు ఎంత వెయ్యాలో అడిగి పెట్టేశాడు.