క్లిప్‌లెస్ పెడల్స్ అలవాటవుతున్నాయి

మౌంటెన్ బైక్‌కి క్లిప్‌లెస్ పెడల్స్ వేయించాను. షూ అడుగున ఉండే చిన్న లోహపు క్లీట్‌ని పెడల్ మీద పెట్టి నొక్కితే టక్కున పట్టేస్తుంది. విడిపించుకోవాలంటే మాత్రం మడమను బయటికి తిప్పాలి. భయమంతా అక్కడే. పడిపోతున్నాం అనిపించగానే ఎవరైనా కాలు పైకే లాగుతారు కదా! ఆ అలవాటు మారాలంటే బుర్రకి తెలిస్తే చాలదు, కాలికి రావాలి.

అందుకే ముందు గోడ పట్టుకుని రెండు కాళ్లతోనూ పెట్టడం, తీయడం సాధన చేశాను. తర్వాత గడ్డి నేల మీద మెల్లగా తొక్కాను. అన్నిటికంటే పనికొచ్చింది, బండి ఇంకా కదులుతుండగానే ఒక కాలు విడిపించుకోవడం.

పెడల్ మీది చిన్న స్క్రూని 3 మిల్లీమీటర్ల అలెన్ కీతో వదులు చేస్తే స్ప్రింగ్ పట్టు తగ్గుతుంది. కొత్తవాళ్లు ఇది తప్పకుండా చేసుకోండి. షిమానో కంపెనీ ఎస్‌పీడీ రకం పెడల్స్ అయితే ఎస్‌హెచ్51 క్లీట్ కాలు పక్కకి తిప్పితేనే వదులుతుంది, ఎస్‌హెచ్56 ఇంకొన్ని దిశల్లోనూ వదులుతుంది. మొదట్లో రెండోదే నయమని నా అభిప్రాయం.

1990లో వచ్చిన ఈ ఎస్‌పీడీ పద్ధతిలో క్లీట్ షూ అడుగులోకి ఒదిగి ఉంటుంది. బురదలో దిగి బండి తోసుకుంటూ నడవాల్సి వచ్చినప్పుడు అదెంత సుఖమో!

రాళ్ల దారిలో పాదం పెడల్ మీంచి ఎగిరిపోకుండా ఉండటం చాలా ధైర్యాన్నిస్తోంది. నిటారు ఎక్కుడులో మాత్రం టెన్షన్ ఇంకా పోలేదు. అక్కడ వేగం చచ్చిపోతే కాలు తీసే సమయం ఉండదు. ఇక సాధనంతా ఎక్కుడు మీదే.