అనసూయమ్మ అడిగిన కథ

రామాయణంలో ఇద్దరు ఆడవాళ్ళు తీరిగ్గా కూర్చుని మనసు విప్పి మాట్లాడుకునే చోటు చూపించమంటే నేను అయోధ్యాకాండ చివరికి తీసుకెళ్తాను. 117 నుంచి 119 వరకు మూడు సర్గలు. భరతుడు పాదుకలు తీసుకుని వెళ్ళిపోయాక సీతారామలక్ష్మణులు చిత్రకూటం వదిలి అత్రి మహర్షి ఆశ్రమానికి వస్తారు. పదేళ్ళు వాన లేక లోకం మాడిపోతుంటే తన తపశ్శక్తితో కందమూల ఫలాలు పుట్టించి, గంగను ప్రవహింపజేసిన తల్లి అని తన భార్య అనసూయమ్మ గురించి అత్రి మహర్షే రాముడికి చెప్తారు. అంతటి ఆవిడ ఎదురుగా కనిపించేసరికి ఎలా ఉంది? ఒళ్ళంతా ముడతలు, నెరిసిన జుట్టు, పెనుగాలికి ఊగే అరటిచెట్టులా వణుకుతున్న శరీరం. వాల్మీకి ఆ వణుకుతో సహా చెప్పడం నాకు ఎంతో ఇష్టం.

ఆవిడ సీతకు పతివ్రతాధర్మం చెప్పింది. ప్రవచనాల్లో చాలాసార్లు మనం ఇక్కడే ఆగిపోతాం, ఆ తర్వాతే అసలు రుచి ఉంది. సీత ఏమంటుందంటే, అడవికి బయల్దేరేటప్పుడు అత్తగారు చెప్పిన మాటలూ, పెళ్ళినాడు అగ్నిసాక్షిగా అమ్మ చెప్పిన మాటలూ నా మనసులో అలాగే ఉన్నాయి, మీ మాటలతో అవన్నీ మళ్ళీ కొత్తవైనట్టున్నాయి అని. అక్కడే సావిత్రినీ, చంద్రుణ్ణి విడవని రోహిణినీ కూడా తలుచుకుంటుంది. ఒక్క సాయంత్రం, ఒక్క సంభాషణలోకి ఎన్ని తరాల స్త్రీలు వచ్చి చేరారో చూడండి!

ఇక నేను పదే పదే చదువుకునే శ్లోకం ఇది:

తాం కథాం శ్రోతుమిచ్ఛామి విస్తరేణ చ మైథిలి
యథానుభూతం కార్త్స్న్యేన తన్మే త్వం వక్తుమర్హసి

నీ స్వయంవరం కథ నా చెవిన పడిందమ్మా, కానీ వివరంగా వినాలని ఉంది, నీకు ఎలా అనుభవమైందో అలా మొత్తం చెప్పు అంటోంది ఆ పెద్దావిడ. వయసులో, తపస్సులో అంత పైనున్న మనిషి, కొత్తగా అడవికొచ్చిన చిన్నపిల్లను కథ చెప్పమని అడుగుతోంది. పెద్దవాళ్ళు చెప్పాలి, చిన్నవాళ్ళు వినాలి అనే ఒక్క దారే ఉందనుకుంటాం కదా, ఇక్కడ అనసూయమ్మ రెండో దారి కూడా తెరిచింది.

ఆ అడగడం వల్ల మనకు ఏం దొరికిందో తెలుసా? ఇదే కథ బాలకాండలో జనకుడు విశ్వామిత్రుడికి చెప్తాడు. నాగటిచాలులో దొరికింది, వీర్యశుల్కగా, అంటే పరాక్రమం చూపినవాడికే ఇస్తానని ప్రకటించాను, రాజులు వచ్చి ఏడాదిపాటు మిథిలను ముట్టడించారు, అలా ఓ రాజు చెప్పినట్టే ఉంటుంది. సీత నోట వచ్చేసరికి కథలోకి ఇంకెవరెవరో వచ్చారు. మట్టి కొట్టుకుపోయి ఉన్న పసిపిల్లను చూసి ఆశ్చర్యపోయిన నాన్న, పిల్లలు లేని మనిషి, ప్రేమగా ఒళ్ళోకి తీసుకుని ఈమె నా కూతురు అన్నాడట. తీసుకెళ్ళి పట్టపురాణి చేతుల్లో పెడితే ఆవిడ కన్నతల్లిలా పెంచిందట. జనకుడి మాటల్లో ఆ అమ్మ ప్రస్తావనే లేదు! తనకు పెళ్ళీడు వచ్చినప్పుడు నాన్న పడిన దిగులు, ఉన్న కాస్త సొమ్మూ పోగొట్టుకున్న పేదవాడిలా ఆయన కుంగిపోవడం కూడా సీత చెప్తేనే మనకు తెలుస్తోంది. ఆడపిల్ల తండ్రి టెన్షన్ ఆయన బయటికి చెప్పుకోలేదు, కూతురు గమనించి గుర్తుపెట్టుకుంది.

అంతా విన్నాక అనసూయమ్మ సీతను దగ్గరికి తీసుకుని తల ముద్దాడి, సాయంత్రమైందమ్మా, మునులు తడి నారచీరలతో కలశాలు పట్టుకుని వస్తున్నారు, అగ్నిహోత్రాల పొగ పావురం రంగులో లేస్తోంది, నేనిచ్చిన నగలు నా ఎదురుగానే పెట్టుకో, చూస్తాను అంటుంది. ఈ మాట చదివినప్పుడల్లా నాకు కళ్ళు చెమరుస్తాయి.

మహాభారతం ఉద్యోగపర్వంలో కుంతి కూడా అంతే. కొడుకులకు ఏం చెప్పమంటావని కృష్ణుడు అడిగితే విదుల కథ చెప్పి పంపింది, సింధురాజు చేతిలో ఓడి పడుకున్న కొడుకును మాటలతో లేపి నిలబెట్టిన తల్లి కథ అది. తనకంటే ముందుతరం స్త్రీ మాటలే ఆ వేళ ఆవిడకు ఆయుధమయ్యాయి.

అందుకే సుందరకాండ పారాయణ చేసేవాళ్ళను ఒకటి కోరుతున్నాను. వీలున్న ఓ రోజు ఈ మూడు సర్గలు కూడా ఇంట్లో అందరూ కూర్చుని పైకి చదవండి. అనసూయమ్మ మాటలు ఇంట్లో పెద్దావిడ, సీతమ్మ మాటలు అందరికంటే చిన్నపిల్ల చదివితే మరీ బాగుంటుంది. చదవడం అయ్యాక ఆ ఇద్దర్లో ఎవరు ఎవరిని ఏమడిగినా, పుస్తకం మూసేసి పూర్తిగా చెప్పనివ్వండి.