వారధి మీద యాక్సిడెంట్, గ్రూపులో ఫొటో

విజయవాడ దగ్గర కృష్ణ మీది వారధి మీద యాక్సిడెంట్ అయితే 108 వచ్చేలోపే ఫొటో తాడేపల్లి, మంగళగిరి దాటి గుంటూరు వాట్సాప్ గ్రూపులకు చేరిపోతుంది. ముఖం మసక చేశాం కదా అంటారు. చాలదు. బండి నంబరు, చెప్పులు, చీర రంగు, చేతిమీద పచ్చబొట్టు... ఏ ఒక్కటి కనబడినా ఇంట్లోవాళ్లు గుర్తుపట్టేస్తారు. పోలీసుల కబురు కంటే ముందే అది తల్లి ఫోన్‌లో తెరుచుకుంటుంది.

సాక్ష్యమనుకుంటే పోలీసులకే ఇవ్వండి. అదీ వాట్సాప్‌లో ‘డాక్యుమెంట్’గా. మామూలు ఫొటోగా పంపితే నాణ్యత తగ్గి, తీసిన సమయం, చోటు వివరాలు చెరిగిపోతాయి.

పొరపాటున పంపేశారా? ‘డిలీట్ ఫర్ ఎవ్రీవన్’కు గడువు సుమారు 2 రోజుల 12 గంటలు. ఐఫోన్ గ్యాలరీలో సేవ్ అయినదాన్నీ, ఈలోగా ఇంకో గ్రూపుకు ఫార్వర్డ్ అయినదాన్నీ అది ముట్టుకోదు. గ్రూపు అడ్మిన్ ఎవరి మెసేజ్‌నైనా తీసేయొచ్చు; కింద ‘ఓం శాంతి’ పెట్టి ఊరుకునేవాళ్లే ఎక్కువ.

యాక్సిడెంట్ ఫొటోలే కాదు, అత్యాచార బాధితుల గుర్తింపు బయటపెడితే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 72 కింద 2 ఏళ్ల వరకు జైలు, జరిమానా.

ఇంట్లో పిల్లలు చూసే ఫోన్ అయితే వాట్సాప్ సెట్టింగ్స్‌లో స్టోరేజ్ అండ్ డేటాకు వెళ్లి, ఫొటోల ఆటో డౌన్‌లోడ్ టిక్ తీసేయండి.