పద్నాలుగు రోజుల గడువు

అమెరికా ఫెడరల్ కోర్టు మాదకద్రవ్యాల కేసులో జైలుశిక్ష విధిస్తే, ముద్దాయి 14 రోజుల్లోగా అప్పీలు నోటీసు దాఖలు చేయాలని, ప్రభుత్వానికి మాత్రం 30 రోజుల గడువు ఉంటుందని చదివినప్పుడు నా మనసు చివుక్కుమంది. అప్పీలు కోర్టు సాక్షులను మళ్లీ పిలవదు. కింది కోర్టు రికార్డును, ఇరుపక్షాల వాదనలను పరిశీలించి, శిక్ష సమంజసమో కాదో తేలుస్తుంది.

ఈ విషయంలో నేను పదేపదే చదివేది కింబ్రో అనే ముద్దాయి కేసులో అమెరికా సుప్రీంకోర్టు 2007లో ఇచ్చిన తీర్పు. 1986 నాటి చట్టం 5 గ్రాముల క్రాక్ కొకైన్‌కూ (పొగగా పీల్చే గడ్డ రూపం), 500 గ్రాముల పొడి కొకైన్‌కూ ఒకే కనీస శిక్షను, అంటే 5 ఏళ్లను నిర్ణయించింది. ఒక చెంచాలో పట్టేంత సరుకు అర కిలో పొట్లంతో సమానమైపోయింది! శిక్షల మార్గదర్శకాలు కనీసం 19 ఏళ్లు సూచించినా, వర్జీనియాలోని ట్రయల్ జడ్జి ఈ 100:1 నిష్పత్తి అన్యాయమని భావించి 15 ఏళ్లే విధించారు (అదీ తక్కువేమీ కాదు). అప్పీలు కోర్టు ఆ శిక్షను కొట్టివేయగా, సుప్రీంకోర్టు 7-2 మెజారిటీతో జడ్జి నిర్ణయాన్నే నిలబెట్టింది.

2010లో అమెరికా కాంగ్రెస్ (అక్కడి పార్లమెంటు) ఆ నిష్పత్తిని 18:1కి తగ్గించింది. నా దృష్టిలో అదీ చాలదు. రెండూ ఒకే మత్తుపదార్థమైనప్పుడు శిక్షలో ఆ మాత్రం తేడా కూడా ఎందుకుండాలి?