గుండ్రటి బల్లలు, తొమ్మిది కథలు, ఒక పెద్దమ్మ

నవంబరు మొదటి శుక్రవారం పొద్దున పదింటికి చికాగో పక్క నేపర్‌విల్‌లో కారు తీసేసరికి వెనక సీటు కనిపించట్లేదు. రెండు ప్లాస్టిక్ డబ్బాల నిండా డైస్, చుట్టలు చుట్టిన మ్యాపులు, ఆటలో ఒక్కో పాత్ర వివరాలు రాసి లామినేట్ చేయించిన క్యారెక్టర్ షీట్లు ఓ డెబ్భై, పెన్సిళ్లు, టేబుల్ నంబర్లు రాసిన అట్టలు, అన్నిటి మీదా మా ఆవిడ పెట్టిన పప్పుచెక్కల డబ్బా. నా పక్క సీట్లో మా బావమరిది. చికాగోలో ఎమ్మెస్ చదువుతున్నాడు. హోటల్ రూమ్ నాది, తిండి నాది, మూడు రోజులు వచ్చి బల్లలు మోస్తే చాలురా అంటే వచ్చాడు.

మేం వెళ్తున్నది విస్కాన్సిన్‌లో జేన్స్‌విల్ వైపు, ఒక హోటల్లో జరిగే చిన్న గేమింగ్ కన్వెన్షన్‌కి. బోర్డ్ గేములు వేరేవాళ్లు చూసుకుంటారు, రోల్‌ప్లేయింగ్ గేముల గది మొత్తం ఈసారి నా నెత్తిన పడింది. పడిందనడం కూడా అబద్ధమే, పోయినేడు ఆడటానికి వెళ్లి ఏర్పాట్ల మీద నానా మాటలూ అన్నాను, అయితే నువ్వే చూసుకో అన్నారు.

"వీడియో గేమా బావా?" అన్నాడు వాడు హైవే ఎక్కాక.

"కాదురా. ఐదారుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకడు కథ చెప్తాడు, వాణ్ణి గేమ్ మాస్టర్ అంటారు. మిగతావాళ్లు ఆ కథలో మనుషులు. తలుపు తీస్తావా తీయవా, ఎదురొచ్చినవాడితో మాట్లాడతావా పొడుస్తావా అన్నది నీ ఇష్టం. నువ్వనుకున్నది జరుగుతుందా లేదా అన్నది మాత్రం డైస్ చెప్తుంది."

కాసేపు ఆలోచించి, "అంటే బుర్రకథలో వంతలు కూడా కథ మార్చెయ్యొచ్చన్నమాట" అన్నాడు. పదిహేనేళ్లుగా ఆడుతున్నాను, ఆఫీసులో ఎంతమందికి వివరించానో లెక్కలేదు, ఇంత బాగా ఎప్పుడూ చెప్పలేకపోయాను.

నేరుగా పోతే ఇంకో దారి ఉంది గానీ, రిచ్‌మండ్ మీదుగా 12వ నంబరు రోడ్డు పట్టుకుని లేక్ జెనీవాలో ఆగాం. ఈ ఆటలాడేవాడు ఆ పక్కకి వెళ్లి ఆ ఊళ్లో దిగకుండా పోతే తిరుపతి దాకా వెళ్లి కొండెక్కకుండా వచ్చినట్టే. చికాగో డబ్బున్నవాళ్లు వేసవికి వచ్చే చెరువు ఊరది. నవంబర్లో పడవలన్నీ ఒడ్డుకెక్కించేసి, చెట్లన్నీ బోడిగా, చెరువు పక్క పార్కులో గాలి చెవులు కోసేస్తూ ఉంది. నాకలాగే నచ్చింది, ఎందుకంటే నేను చూడాలనుకున్నది చెరువు కాదు, హార్టికల్చరల్ హాల్. మన ఊళ్లో కమ్యూనిటీ హాలు ఎలా ఉంటుందో అంతే. 1968 ఆగస్టులో గ్యారీ గైగాక్స్ అనే ఆయన దాన్ని 50 డాలర్లకి అద్దెకి తీసుకుని, యుద్ధాల ఆటలాడే వాళ్లందర్నీ పిలిచాడు. వందమంది వచ్చారో లేదో. దానికి జెన్ కాన్ అని పేరు పెట్టారు, ఊరి పేరూ కలిసొచ్చింది, యుద్ధ ఖైదీల జెనీవా కన్వెన్షన్ మీద జోకూ కలిసొచ్చింది. మరుసటేడు అదే సభలో ఆయనకి మిన్నెసోటా నుంచి వచ్చిన డేవ్ ఆర్నెసన్ పరిచయమయ్యాడు, ఆ ఇద్దరూ కలిసి చేసిందే 1974లో వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్, మేమాడే ఈ ఆటలన్నిటికీ మూలం. మొదట అచ్చేసింది వెయ్యి కాపీలు, డబ్బాల్లో సర్దింది ఇంట్లోనే, చేతుల్తోనే. ఆ జెన్ కాన్ తర్వాత ఊరు పట్టక కెనోషాలో యూనివర్సిటీకి, 1985లో మిల్వాకీకి, 2003లో ఇండియానాపోలిస్‌కి పోయింది. ఇప్పుడు దానికి ఫుట్‌బాల్ స్టేడియం కూడా కావాలి.

మా వాడు హాలు తలుపు దాకా వెళ్లి లోపలికి తొంగి చూసి, "కుర్చీలు ఎన్ని పడతాయి బావా ఇందులో?" అన్నాడు. అప్పుడు నవ్వాను.

దారిలో డెలావన్ అనే ఊళ్లో రోడ్డు పక్కన పార్కులో పెద్ద ఏనుగు విగ్రహం ఉంటుంది. పంతొమ్మిదో శతాబ్దంలో సర్కస్ కంపెనీలు చలికాలం గడపడానికి ఆ ఊరికొచ్చేవట. కథలు చెప్పుకుని బతికేవాళ్లకి ఈ చలి జిల్లాలో ఏం కనిపించిందో గానీ, అందరూ ఇక్కడే చేరారు. ఏనుగు దగ్గర ఫొటో దిగి మూడున్నరకి హోటల్ చేరాం.

గది తలుపు తీయగానే నా గుండె జారింది. తొమ్మిది బల్లలు అడిగాను, తొమ్మిదీ ఉన్నాయి. అన్నీ గుండ్రటివి. రిసెప్షన్లకి వేస్తారే, తెల్ల గుడ్డ కప్పి మధ్యలో పూలకుండీ పెట్టేవి, ఆరడుగుల వెడల్పువి. చూడని వాళ్లకి ఇందులో కష్టమేంటో అర్థం కాదు. మ్యాపు బల్ల నడిమధ్యన ఉంటుంది, కూర్చున్న వాళ్లెవరి చెయ్యీ అందదు, బొమ్మని ఒక గడి జరపాలంటే లేచి వంగాలి. ఎదురుగా ఉన్నవాడు ఆరడుగుల అవతల ఉంటాడు కాబట్టి గొంతు పెంచాలి, ఒక బల్ల గొంతు పెంచితే పక్క బల్ల ఇంకాస్త పెంచుతుంది, తొమ్మిది బల్లలూ కలిసి పావుగంటలో చేపల మార్కెట్. హోటలు మేనేజరు పాపం మంచివాడే, పొడుగు బల్లలన్నీ మరుసటి రోజు పెళ్లికి పోయాయన్నాడు. వెతగ్గా వెతగ్గా స్టోర్ రూములో నాలుగు దొరికాయి. మిగతా ఐదు గుండ్రటి బల్లల్నీ గోడల వైపుకి లాగి, మడత తెరలు రెండు అడ్డం పెట్టి, మ్యాపులు ఎక్కువ వాడే గేములన్నీ పొడుగు బల్లలకి మార్చాను. నెల రోజులు కూర్చుని వేసిన షెడ్యూలు అలా గంటన్నరలో తలకిందులైంది.

షెడ్యూలు అంటే ఇది. శుక్రవారం రాత్రి ఒక స్లాట్, శనివారం మూడు, ఆదివారం పొద్దున ఒకటి, ఒక్కోటి నాలుగు గంటలు. తొమ్మిది బల్లలు, ఐదు స్లాట్లు, అంటే నలభై ఐదు ఆటలు పెట్టొచ్చు. నాకు మాటిచ్చిన గేమ్ మాస్టర్లు నడిపేవి ముప్ఫై మూడు. రెండు స్లాట్లు నడిపినవాళ్లకి ఎంట్రీ బ్యాడ్జ్ ఫ్రీ, అంతకుమించి మేమిచ్చేది థాంక్స్ ఒక్కటే. వాళ్లకి నేను ముందే చెప్పిన మాట ఒకటే: నాలుగు గంటలంటే నాలుగు గంటలు కాదు, మూడు. కూర్చుని పేర్లు చెప్పుకోవడానికి ఇరవై నిమిషాలు, బాత్రూములకీ కాఫీలకీ పావుగంట, చివర్లో సర్దుకుని లేవడానికి మిగతాది. మీరు మూడు కొట్లాటలు రాసుకుని వస్తే ఒకటి ఇంట్లోనే చంపేసి రండి అన్నాను. సగం మంది వినలేదు.

ఆ రాత్రి బాగానే నడిచింది. విస్కాన్సిన్‌లో శుక్రవారం రాత్రి ఏ హోటల్లో చూసినా వేయించిన చేపే, మా వాడు రెండు ప్లేట్లు లాగించి ఉప్పూ కారం లేవని తిట్టాడు.

అసలు గొడవ శనివారం మధ్యాహ్నం. ఒంటిగంటకి ఆగాల్సిన ఆటలు ఒంటిన్నరైనా ఆగలేదు, రెండింటి ఆటవాళ్లు వచ్చి ఆడేవాళ్ల కుర్చీల వెనక నిలబడ్డారు. గేమ్ మాస్టర్లకి టెన్షన్, రాక్షసుణ్ణి ఎవరు కొట్టారో వాళ్లకే తెలీట్లేదు. నేను బల్ల బల్లకీ పరిగెడుతున్నాను. మా వాడు ఓ పక్క నిలబడి చూసి చూసి, "బావా, ఇది మన పెళ్లిభోజనాలే" అన్నాడు. "మొదటి బంతి లేవకుండా రెండో బంతివాళ్లు వెనక నిలబడితే తినేవాడికి ముద్ద దిగదు. ముందు వీళ్లని బయటికి పంపించెయ్." నా జవాబు వినకుండా వాడే తలుపు దగ్గర ఒక బల్ల వేసుకుని, ఇండెక్స్ కార్డుల మీద బల్ల నంబరూ సీటు నంబరూ రాసి, వచ్చినవాళ్లకి వచ్చినట్టు చేతిలో పెట్టి, పిలిచేదాకా కారిడార్‌లోనే ఉండమన్నాడు. పప్పుచెక్కల డబ్బా కూడా అక్కడే తెరిచాడు. ఆన్‌లైన్లో పేరు రాయించుకుని రానివాళ్లు ప్రతి స్లాట్‌కీ ఉంటారు, స్లాటు మొదలైన పది నిమిషాలకి ఆ సీట్లన్నీ కారిడార్‌లో ఉన్నవాళ్లకి పంచేశాడు. పోయినేడు ఆ గదిలో సీటు దొరక్క గోడకానుకుని నిలబడింది నేనే, ఈసారి ఒక్కడూ నిలబడలేదు.

రాత్రి ఏడింటికి ఆరో బల్ల గేమ్ మాస్టరు ఫోన్ చేశాడు, జ్వరం, రాలేనని. చూస్తే బల్ల చుట్టూ ఐదుగురు కూర్చుని ఉన్నారు. అరవై దాటిన ఒక రిటైర్డ్ టీచరు, ఒక నాన్న, పదకొండేళ్ల ఆయన కూతురు, కాలేజీ పిల్లలిద్దరు. ఐదుగురినీ వెనక్కి పంపడానికి మనసొప్పక నేనే కూర్చున్నాను, చేతిలో ఏ కథా లేకుండా. బల్ల మధ్యలో ఎక్స్ అని రాసిన కార్డు పెట్టాను. జాన్ స్టావ్రోపొలస్ అనే ఆయన మొదలుపెట్టిన పద్ధతిది: ఎవరికి ఏ సంగతి ఇబ్బందిగా అనిపించినా కారణం చెప్పక్కర్లేదు, కార్డు ముట్టుకుంటే కథ దాన్ని వదిలేసి ముందుకి పోతుంది. ముక్కూ మొహం తెలియని వాళ్లు కలిసి ఆడేచోట ఇంతకన్నా పనికొచ్చేది నేను చూడలేదు.

ఈ ఆటల్లో సగం కథలు ఒకేలా మొదలవుతాయి, మీరంతా ఒక సత్రంలో కలిశారు అని. నాకు నోట్లోంచి వచ్చింది మాత్రం పేదరాశి పెద్దమ్మ. ఊరి చివర గుడిసె, వానలో తడిసి వచ్చిన ఐదుగురు, పొయ్యి దగ్గర ఒక ముసలమ్మ, పొద్దున్నే ఒకరు రాజుగారి కోటకి వెళ్లక తప్పదని ఏడుస్తోంది. కోటలో రాక్షసుడు, రోజుకి ఇంటికొకరు చొప్పున. ఇంతవరకూ మన ఊళ్లో ఏ పిల్లనడిగినా చెప్తుంది. కానీ ఈ పిల్ల కోట వైపుకి వెళ్లలేదు. "పెద్దమ్మ ఒక్కతే ఎందుకుంటుంది? వచ్చినవాళ్లందరికీ అన్నం పెడుతుంది కదా, బియ్యం ఎక్కడివి?" అంది. నేను చిన్నప్పటినుంచీ ఎన్నిసార్లు విన్నానో ఆ కథలు, ఒక్కసారీ ఆ ప్రశ్న నాకు రాలేదు. డైస్ వెయ్యమన్నాను, ఇరవైకి పంతొమ్మిది పడింది, ఇక చెప్పక తప్పదు. బియ్యం కోటలోంచే వస్తాయని చెప్పేశాను. ఎందుకన్నానో నాకే తెలీదు. బల్లంతా నిశ్శబ్దమైపోయింది, మిగిలిన మూడు గంటలూ ఐదుగురూ ఆ గుడిసె దాటకుండా పెద్దమ్మని ప్రశ్నలడుగుతూనే ఉన్నారు. మధ్యలో అటక మీద సాలీడు పెట్టాను, టీచరుగారు మెల్లగా కార్డు మీద వేలు పెట్టారు, సాలీడు పోయి జెర్రి అయ్యింది. జెర్రి అంటే ఆయనకేం ఇబ్బంది లేదట.

ఆ రాత్రే గడియారాలు గంట వెనక్కి. ఫోన్లు వాటంతటవే మారాయి, హోటలు గోడ గడియారం మారలేదు, నా కారుదీ మారలేదు. ఆదివారం పొద్దున ఎనిమిదికే టీచరుగారు వచ్చి ఖాళీ గదిలో కూర్చుని ఉన్నారు. కాఫీ ఇచ్చాను. జేబులోంచి ఒక డైస్ తీసి చూపించారు, ఇరవై ముఖాలది, అంచులన్నీ అరిగి గోళీకాయలా అయిపోయింది. డెబ్భైలలో ఆటతో పాటు వచ్చిందట. అప్పట్లో ఈ ఆకారాలు ఆటబొమ్మల షాపుల్లో దొరికేవి కావు, బళ్లకి లెక్కల సామాన్లు అమ్మే కంపెనీ కేటలాగులోంచి తెప్పించేవారు. అంకెలు కనపడాలంటే మనమే క్రేయాన్ రుద్దుకోవాలి. ప్లాస్టిక్ నాసిరకం, ఆడేకొద్దీ అరిగేది. "ఇప్పుడు ఏ అంకె మీదా నిలబడదు, దొర్లుతూనే ఉంటుంది" అన్నారాయన. మా వాడు అడిగి తీసుకుని బల్ల మీద వదిలాడు. నిజంగానే గుండ్రటి బల్ల అంచుదాకా పోయి కింద పడింది, ముగ్గురం మోకాళ్ల మీద వంగి బల్ల కింద వెతికాం.

మధ్యాహ్నం అట్టలు, షీట్లు అన్నీ సర్దుతుంటే ఆ పాప వాళ్ల నాన్నతో వచ్చి, వచ్చే ఏడు పెద్దమ్మ ఉంటుందా అని అడిగింది. ఉంటుందన్నాను. బియ్యం సంగతి పోలీసులకి చెప్పొద్దని నా చెవిలో చెప్పి వెళ్లింది.

పార్కింగ్‌లో కారు స్టార్ట్ చేసే ముందు ఫోన్ తీసి హోటలువాళ్లకి మెయిల్ రాశాను. వచ్చే నవంబరుకి తొమ్మిది బల్లలు, పొడుగువి, గుండ్రటివి ఒక్కటి కూడా వద్దు. మా వాడు పక్కనించి చూసి, కారిడార్‌లో ఒక బల్ల కూడా రాయి బావా అన్నాడు. పది అని దిద్దాను.