రెక్క మొదట్లో రేకు బిగించేసరికి

చివరి స్క్రూ నిన్న రాత్రి పడింది. నేను కడుతున్నది కబ్ తరహా గుడ్డ విమానం, అంటే పాత పైపర్ కబ్‌లా ఉక్కు ట్యూబుల చట్రం మీద గుడ్డ కప్పిన చిన్న విమానం. దానికి తోక ఫెయిరింగులు (గాలి సాఫీగా జారేలా సందులు మూసే రేకులు) రెండు పూటల పని. రెక్కకీ క్యాబిన్‌కీ మధ్య సందు మూసే రేకు మాత్రం మూడు వారాలు తినేసింది, రెండు రేకులు చెత్తలోకి పోయాయి.

తోక సంగతి క్లుప్తంగా. గుడ్డ స్క్రూని పట్టుకోదు, కాబట్టి గుడ్డ వేయకముందే కింద చిన్న రేకు చెవులు అమర్చి ఉండాలి. మరిచిపోయి నేరుగా చట్రం ట్యూబుకి కన్నం పెట్టేవాళ్ళున్నారు. ఆ క్రోమోలీ (మిశ్రమ ఉక్కు) ట్యూబు గోడ మందం చాలాచోట్ల 0.035 అంగుళమే, అది చేయకూడని పని. చెవిలోని కన్నాన్ని గుడ్డ మీంచి వేలితో తడిమి, సన్నమొన సోల్డరింగ్ ఐరన్‌తో కరిగించాలి. బ్లేడుతో కోస్తే పోగులు లేస్తాయి. ట్రిమ్ (విమానం ముక్కు ఎత్తుని సరిచేసే మీట) తిప్పితే స్టెబిలైజర్ (తోక దగ్గరి అడ్డరెక్క) ముందు అంచు పైకీ కిందికీ కదులుతుంది గనక ఫెయిరింగ్‌ని రెండు వైపులా బిగించకూడదు. ట్రిమ్ రెండు కొసల్లోనూ పెట్టి, ఎలివేటర్ (స్టెబిలైజర్ వెనక పైకీ కిందికీ ఆడే పలక) పూర్తిగా ఆడించి చూడండి.

ఇక రెక్క మొదలు. మాన్యువల్‌లో దీనికున్నది ఒక్క వాక్యం: అమర్చి, కావలసినంత కత్తిరించుకోండి. రాసినాయన ఎప్పుడైనా కత్తెర పట్టాడో లేదో!

మందపాటి అట్టతో నమూనా తీసి, 0.020 అంగుళాల అల్యూమినియం రేకు కోశాను. అంతవరకూ బాగానే ఉంది. తప్పెక్కడంటే, వెనక నుంచి ముందుకి స్క్రూలు వేసుకుంటూ వచ్చాను. వదులంతా రెక్క ముక్కు (ముందు అంచు) దగ్గర పోగుపడి, నూనె డబ్బా అడుగులా నొక్కితే లోపలికి, వదిలితే బయటికి, టక్ టక్. రెండో రేకుకి కన్నాలు అంచనాగా గుర్తుపెట్టాను, ఎనిమిదో వంతు అంగుళం తప్పాయి.

మూడోసారి ముక్కు నుంచి మొదలుపెట్టాను. రేకు చుట్టూ మెత్తటి పట్టీ వేసి బిగలాగి, ముక్కు దగ్గర రెండు క్లీకోలు (కన్నంలో దూర్చే తాత్కాలిక స్ప్రింగు బిగింపులు) పెట్టి, అక్కణ్ణించి వెనక్కి ఒక్కో కన్నమే. రేకు కింద చెవి కనబడదు కదా, దానికో ఉపాయముంది. సన్నటి ప్లాస్టిక్ పట్టీకి కన్నం పెట్టి, దాన్ని చెవి కన్నం మీద సరిగ్గా ఉంచి, రెండో కొసని దూరంగా టేపుతో అంటించాలి. పట్టీని వెనక్కి మడిచి, రేకు పెట్టి, మళ్ళీ పట్టీని రేకు మీదికి వాల్చితే కన్నం ఎక్కడ పడాలో అదే చెబుతుంది.

చల్లటి హ్యాంగర్లో బిర్రుగా బిగించిన రేకు ఎండలో ఉబ్బుతుంది. 60 అంగుళాల రేకు 60 ఫారెన్‌హీట్ డిగ్రీలు వేడెక్కితే దాదాపు 0.05 అంగుళం సాగుతుంది. అందుకే వెనక కన్నాలు కాస్త పెద్దవి చేసి వాషర్లు వేశాను. గుడ్డ మీద ఆనే అంచుకి పొడుగునా చీలిక ఉన్న రబ్బరు పట్టీ తొడగండి, లేకపోతే అదురుకి ఆ అంచే గుడ్డని కోస్తుంది. మార్కర్ గీతలు చెరపాలని పాలీఫైబర్ రకం పూతలేసిన గుడ్డ మీద ఎంఈకే (ఘాటైన ద్రావకం) పొయ్యకండి, కింది పూతలు కరిగిపోతాయి.

ఇంత కష్టపడి బిగించినవన్నీ రేపు విప్పాలి. ఎఫ్ఏఏ (అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ) తరఫున వచ్చే ఇన్‌స్పెక్టరుకి లోపలి బోల్టులు కనబడాలి.